ఘాట్ ఎక్కిన కూరగాయల సంచి

టోల్‌గేటు దగ్గర బోర్డు మీది అక్షరాలు అలికేసినట్టు కనిపించాయట మా బావకి. ఎండ దెబ్బ అనుకుని లారీ పక్కకి ఆపి కళ్ళు కడుక్కున్నాడు. అక్షరాలు అలాగే ఉన్నాయి. ఆ సంగతి నాకు చెప్పడానికి అతనికి వారం పట్టింది. చెప్పిన మర్నాడే విజయనగరం తీసుకువెళ్ళాను. షుగర్ అని తేలింది, అదీ ఎప్పటినుంచో ఉన్నట్టుంది.

బావంటే నా భర్తే. మేనత్త కొడుకు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఆ పిలుపు మారలేదు. సాలూరులో చాలా ఇళ్ళలాగే మాదీ లారీ ఇల్లు. బండి సొంతం, డ్రైవరూ తనే. క్లీనరు పనికి ఈ మధ్య ఎవరూ రావడం లేదు కాబట్టి ఒక్కడే వెళ్తాడు. నౌపడలో ఉప్పు బస్తాలు ఎత్తుకుంటే ఘాట్ ఎక్కి కొరాపుట్, జయపురం మీదుగా రాయపూర్ దాకా. నేను ఊళ్ళోనే ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మాకు ఒక్కతే కూతురు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

డాక్టరు చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకున్నాను. తెల్లన్నం తగ్గించాలి. కంచంలో సగం కూరగాయలుండాలి. పళ్ళు కొరికి తినాలి, రసం తీసి తాగకూడదు. రాసుకుని పుస్తకం సంచిలో పెట్టేసి లేచి నిలబడ్డాక ఆయన ఇంకొక మాట చెప్పాడు. ఈ మాత్ర వేసుకున్నాక తిండి మానకూడదు, చేతులు వణికినా చెమటలు పట్టినా వెంటనే ఏదైనా తీపి నోట్లో వేసుకోవాలి, బండిలో ఎప్పుడూ ఉంచుకోండి అని. విన్నాను. తల కూడా ఊపాను. కానీ పెన్ను అప్పటికే సంచిలోకి వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచీ నాకు కాలు నిలవలేదు.

మా తరగతి గోడ మీద పోషకాహారం చార్టు ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి అదే చూపించి పిల్లలకి పాఠం చెప్పాను. ఆకుకూరలు కంటికి మంచివి, జామ దంతాలకి మంచిది అని కర్రతో చూపిస్తూ పోయేదాన్ని. ఇప్పుడు పిల్లలు వెళ్ళిపోయాక ఆ చార్టు ముందు నిలబడితే, అందులో నాకు కావలసింది ఒక్కటీ లేదనిపించింది. అన్నీ మంచివే అంటే ఎలా? అన్నిటికంటే మంచిది ఏది?

ఫోన్లో వెతికాను. ఒకావిడ బొప్పాయి మించింది లేదంది. ఇంకొకాయన జామ అన్నాడు. మూడో ఆయన సాయంత్రం నాలుగు దాటాక ఏ పండూ ముట్టకూడదన్నాడు. పాత క్యాలెండరు వెనక్కి తిప్పి పట్టిక గీశాను. పరీక్ష పేపర్లు దిద్దినట్టు ప్రతి కూరకీ మార్కులు వేశాను. మునగాకుకి మొదటి స్థానం, కాకరకాయకి రెండు, మెంతికూరకి మూడు. అరటిపండుకి మొదట తొమ్మిది వేసి, సాయంత్రం ఇంకేదో చూసి దాన్ని కొట్టేసి సున్నా పెట్టాను. తెల్లారి లేవగానే పళ్ళు తోముకోకుండా ఆ క్యాలెండరు దగ్గరికి వెళ్ళి మళ్ళీ దిద్దేదాన్ని. బంగాళాదుంప రెండు వారాల్లో నాలుగుసార్లు కిందకీ పైకీ మారింది.

విజయనగరం వెళ్ళినప్పుడు కివీపళ్ళు తెచ్చాను. డ్రాగన్ పండు తెచ్చాను. బావ ఒక ముక్క నమిలి, నా మొహం చూసి, మింగాడు.

"ఏటే ఇది, రుసీ నేదు పసా నేదు" అన్నాడంతే.

బ్రోకలీ చూసి మాత్రం గోబీపువ్వు పచ్చబడిపోయిందనుకుని పారేయబోయాడు.

బజారులో నేను ఎప్పుడూ కూరలు కొనే ముసలామె ఉంది. ఆనపకాయ గోరుతో గిచ్చి చూసి, దించి, ఇంకొకటి ఎత్తి, దాన్నీ దించి, ఫోను తీసి ఆనపకాయ గురించి చదువుతూ నిలబడితే ఆమె చేస్తున్న పని ఆపి నన్నే చూసింది.

"ఒక్క కాయకి ఇంతసేపేటమ్మా, పెళ్ళిసూపులా?" అంది.

పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను గానీ కాయ మాత్రం కొనలేదు. అది ఆ ఉదయానికి పట్టికలో తొమ్మిదో స్థానంలో ఉంది మరి.

బావ బండెక్కిన ప్రతిసారీ నాలుగు డబ్బాలు సర్ది ఇచ్చేదాన్ని. బీట్‌రూట్ కూర, కాకరకాయ వేపుడు, మునగాకు పప్పు, మొలకలు. తిరిగొచ్చేటప్పటికి డబ్బాలు శుభ్రంగా కడిగి ఉండేవి. బాగున్నాయా అంటే బాగున్నాయనేవాడు. నా మనసు కాస్త కుదుటపడేది. నెల తిరిగాక రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ ఒక్క పిసరు కూడా దిగలేదు. మళ్ళీ క్యాలెండరు ముందు కూర్చున్నాను. ఏ కూర తప్పు? ఏ పండు మోసం చేసింది?

జవాబు ఆ వారమే దొరికింది, బజారులో. ఇంకో డ్రైవరు భార్య ఎదురై చెయ్యి పట్టుకుంది. మీ బీట్‌రూట్ కూర మా ఆయనకి ఎంతో నచ్చిందండీ, ఎలా చేస్తారో అడిగి రమ్మన్నాడు అంది. పాపం ఆమెకేం తెలుసు. చేసే పద్ధతి చెప్పి ఇంటికొచ్చాను.

బావ మంచం మీద కూర్చుని టైర్ల కాగితాలేవో చూసుకుంటున్నాడు. అడిగాను. దాచలేదు.

"మద్దేనానికి ఆ కూరలన్నీ పులిసిపోతన్నాయే. ఒక సేత్తో స్టీరింగట్టుకుని పప్పన్నం ఎలాగ కలుపుకోమంటావు? నువ్వు పొద్దున్నే లేసి సేసినాది పారెయ్యలేను. పొద్దున్నే టిఫిను కాడ ఆడు కనిపిస్తే ఆడికిచ్చీసినాను."

కోపం వచ్చింది, కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. దసరా సెలవులు దగ్గర్లోనే ఉన్నాయి. ఈసారి నేనూ వస్తానన్నాను. బావ నవ్వి ఊరుకున్నాడు. బయలుదేరే రోజు చీర కుచ్చిళ్ళు ఎగదోపి క్యాబిన్ ఎక్కి కూర్చుంటే గానీ నమ్మలేదు.

ముందురోజే క్యాబిన్ శుభ్రం చేశాను. డాష్‌బోర్డు అరలో రెండు గ్లూకోజు బిస్కెట్ల పొట్లాలు, సగం తిన్న వేరుశనగ అచ్చు, పిప్పరమెంటు బిళ్ళలు దొరికాయి. దొంగ సరుకు పట్టుకున్నంత తృప్తిగా అన్నీ ఏరి పక్కింటి పిల్లలకి ఇచ్చేశాను. వాటికి బదులు ఒక సంచిలో తడిగుడ్డలో చుట్టిన కీరదోసకాయలు, క్యారెట్లు, ముల్లంగి, దోరజామకాయలు, ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టాను. పాడవనివి, ఒక చేత్తో తినగలిగేవి. కొత్త పట్టిక ప్రకారం అన్నమాట.

తెల్లవారుతుండగా బయలుదేరాం. బావ మాత్ర వేసుకున్నాడు. ఘాట్ కింద ఎప్పుడూ పూరీలు తినే హోటలు వస్తే బండి నెమ్మది చేశాడు. వద్దన్నాను. కీరదోసకాయ, రెండు క్యారెట్లు, గుప్పెడు చిక్కుడు గింజలు చేతిలో పెట్టాను.

"ఇదేనా?" అన్నాడు.

"ఇదే."

బండి ముందుకు పోనిచ్చి తిన్నాడు. నా సంతోషం కోసమే తిన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం గెలిచాననుకున్నాను.

ఘాట్ ఎక్కుతున్నప్పుడు బావ మాట్లాడుతూనే ఉంటాడు. ఏ మలుపులో ఎవరి బండి ఆగిపోయిందో, ఏ వానకి ఏ కొండచరియ జారిందో చెప్తాడని అతనితో ప్రయాణం చేసినవాళ్ళంతా అంటారు. ఆ రోజు మాట్లాడలేదు. నేనే మాట్లాడాను. జామకాయలో పీచు గురించి చెబుతున్నాను. మూడో మలుపులో గేరు ఆలస్యంగా పడి బండి ఒక్కసారి కుదిపింది. అతనికి అలా ఎప్పుడూ జరగదు. తిరిగి చూశాను. కొండగాలి చల్లగా వీస్తోంది, అతని చొక్కా మాత్రం వీపుకి అతుక్కుపోయింది.

ఏమైందని అడిగితే నోరు మూసుకోమన్నాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆ మాట నన్ను అనలేదు. నేను మూసుకున్నాను. ఇంకొక మలుపు దాటాక రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న చోట బండిని పక్కకి తీసి, బ్రేకు వేసి, నుదురు స్టీరింగు మీద ఆన్చేశాడు.

"గుండె నొప్పా బావా?"

"కాదు. ఏటో... కాళ్ళూ సేతులూ ఒనుకుతన్నాయి. కళ్ళు సీకట్లు కమ్ముతన్నాయి."

అప్పుడు గుర్తొచ్చింది, నేను లేచి నిలబడ్డాక డాక్టరు చెప్పిన మాట. మాత్ర వేసుకున్నాక తిండి మానకూడదు. నా లెక్కలో అతను తిన్నాడు. అతని ఒంటి లెక్కలో ఏమీ తినలేదు. డాష్‌బోర్డు అర లాగాను. ఖాళీ. నేనే తుడిచాను, ఎంత శుభ్రంగా తుడిచానంటే ఒక పిప్పరమెంటు బిళ్ళ కూడా మూలన ఉండిపోలేదు. సంచి తిరగేస్తే కీరదోసకాయలు, తీపెక్కని దోరజామలు దొర్లాయి. ఫోన్లో సిగ్నలు లేదు.

దిగి కిందికి పరుగెత్తాను. వచ్చేటప్పుడు మలుపు దగ్గర ఎవరో పళ్ళు పెట్టుకుని కూర్చున్నట్టు లీలగా చూశాను. అక్కడే ఉంది ఆమె. నాలుగు కర్రలకి కట్టిన ప్లాస్టిక్ పట్టా కింద సీతాఫలాలూ కొండ అరటిగెలా పెట్టుకుని కూర్చున్న కొండూరి మనిషి, నా వయసుదే.  మా ఆయన, లారీ, షుగరు అన్నాను. ఆమె వెంటనే లేచింది. మచ్చలు పడి మెత్తబడిన అరటి హస్తం ఒకటి విరిచి చంకన పెట్టుకుని, అంబలిలోకి తెచ్చుకున్న బెల్లం ముక్క మూట విప్పి పట్టుకుని, నాకంటే ముందు ఎక్కిపోయింది.

క్యాబిన్ ఎక్కి బెల్లం అతని నోట్లో పెట్టింది.

"నములన్నా. మింగు" అంది.

తర్వాత అరటిపండు ఒలిచి ఇచ్చింది. అది అయ్యాక ఇంకొకటి. నేను కింద నిలబడి చూస్తున్నాను. పదిహేను నిమిషాలు పట్టిందేమో, ఇంకా ఎక్కువే అనిపించింది. అతను తలెత్తి ముందు రోడ్డు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"నువ్వెందుకే ఏడుస్తన్నావు?" అన్నాడు.

ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

పొద్దున్న ఏం తిన్నాడని ఆమె అడిగింది. చెప్పాను. సీటు మీద చెల్లాచెదరుగా పడిన నా సంచి సరుకంతా ఆమె ఒక్కొక్కటే ఎత్తి చూసింది. వెక్కిరింపు ఏమీ లేదు ఆమె మొహంలో.

"ఇయి కూరలు" అంది. "మరి అన్నమేదమ్మా?"

 తిండి లేకపోతే బండైనా మనిషైనా కొండ ఎక్కడం కుదరదని ఆమెకి ఎవరూ చార్టు పెట్టి చెప్పలేదు. క్యారెట్లు తీసుకోమన్నాను. పిల్లలకి ఇష్టమని కొంగులో వేసుకుని దిగి వెళ్ళిపోయింది.

వెనక్కి పోదామన్నాను. బరువు బండిని ఆ మలుపులో తిప్పడం కుదరదన్నాడు బావ. గంటసేపు అక్కడే ఉన్నాం. అతను సీటు వెనక పడుకున్నాడు, నేను అతని కాలి బొటనవేలు పట్టుకుని కూర్చున్నాను. లేచాక తేటగా ఉన్నాడు. మెల్లగా ఘాట్ ఎక్కించాడు. దారిలో సుంకి అనే ఊళ్ళో ఇడ్లీలు తిన్నాడు, నేను లెక్కపెట్టలేదు. కొరాపుట్‌లో మందుల షాపతను వేలు గుచ్చి చూసి ఇప్పుడు కొంచెం ఎక్కువగానే ఉంది, భయం లేదన్నాడు. ఆ ఎక్కువ అన్న మాటకి నేను సంతోషించడం చూసి అతను వింతపడి ఉంటాడు.

మధ్యాహ్నం జయపురం దగ్గర బావ ఎప్పుడూ తినే పాక హోటలు ముందు ఆగాం. వంట చేసే ఒరియా ఆవిడని అక్క అనే అర్థంలో "అపా" అని పిలిచాడు. ఆమె నన్ను చూసి నవ్వి రెండు కంచాలు పెట్టింది. కొండంత అన్నం, పక్కన వేయించిన ఆకుకూర, గిన్నెలో చిక్కటి పప్పు. గరిటెతో కలిపి చూశాను. గుమ్మడికాయ ముక్కలు, పచ్చి బొప్పాయి, వంకాయ, మునక్కాడలు. డాల్మా అంటారు దాన్ని.

"ఇది రోజూ తింతావా బావా?"

"ఇటొచ్చినప్పుడల్లా. పదిహేనేళ్ళ నుంచి."

"మరి కూరలు తింతన్నానని ఒక్కనాడూ సెప్పలేదేటి?"

"ఇది పప్పు కాదేటి?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి.

నా పట్టికలో మొదటి పది స్థానాల్లో ఉన్నవి సగం ఆ గిన్నెలో ఉన్నాయి. అవి అతను ఎప్పటినుంచో తింటున్నాడు. అది చూసి నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఇంకా గాభరా పుట్టింది. కూరలు తింటున్నవాడికి షుగర్ ఎందుకు దిగడం లేదు మరి? ఆ రోజూ మర్నాడూ పక్కన కూర్చుని చూశాను. అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు, మూడోసారి కూడా. గంటన్నరకోసారి టీ, ప్రతి గ్లాసులో గ్లాసు అడుగున పేరుకునేంత పంచదార. ఎండ ముదిరాక చల్లటి కూల్‌డ్రింకు సీసా. ఏ ఒక్కటీ నేను క్యాలెండరు మీద రాయలేదు. కూరగాయలకే మార్కులు వేస్తూ కూర్చున్నాను.

మూడో టీ దగ్గర ఉండబట్టలేక, ఇది మానలేవా అన్నాను. బావ గ్లాసు పక్కన పెట్టాడు. 

"మానొచ్చు. కళ్ళు మూతలు పడిపోతాయేమోనని తాగుతన్నానే. అక్షరాలు అలికీసినట్టు కనిపించిన కాడి నుంచి నాకు బయ్యంగా ఉన్నాది. కళ్ళు పోతే బండి ఎవుడు నడుపుతాడు? నానేటి సెయ్యాలి?"

అంతవరకూ భయం నాకొక్కదానికే అనుకున్నాను. నేను పట్టికలు గీసుకుంటూ తిరిగినట్టే అతను టీ గ్లాసులు పట్టుకుని తిరిగాడు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి ఒకరికొకరం చెప్పుకోలేదు. అక్కడ, బల్ల మీద ఈగలు తోలుకుంటూ, మొదటిసారి కళ్ళ గురించి, బండి గురించి, పిల్ల చదువు గురించి మాట్లాడుకున్నాం.

తిరిగొచ్చాక విజయనగరం వెళ్ళి డాక్టరుకి జరిగిందంతా చెప్పాను. క్యాబిన్‌లో తీపి తీసేసింది నేనేనని కూడా చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. మాత్ర మోతాదు తగ్గించి, కళ్ళ పరీక్షకి రాసిచ్చి, టిఫిను తినకుండా ఘాట్ ఎక్కొద్దని బావకి చెప్పాడు. ఈసారి ఆయన మాట్లాడటం పూర్తయ్యేదాకా పెన్ను చేతిలోనే పట్టుకున్నాను. కళ్ళకి ఇంకా పెద్ద దెబ్బేమీ తగలలేదని తేలింది.

ఇప్పుడు డబ్బాలు కట్టడం మానేశాను. అపా దగ్గర అన్నం ఒక్కసారే, డాల్మా మాత్రం రెండు గిన్నెలు. ఆ సంగతి ఆమెకి కూడా నేనే ఫోన్లో వచ్చీరాని ఒరియాలో చెప్పాను. టీ పంచదార లేకుండా రెండు గ్లాసులు, మిగతా వేళల్లో నిద్ర వస్తే బండి ఆపి పడుకోవడమే. దారిలో తినడానికి రోజుకో దోరజామ, ఏ కాలంలో ఏది దొరికితే ఆ కీరదోసో ముల్లంగో. బెల్లం ముక్కలు ఒక డబ్బాలో డాష్‌బోర్డు అరలో ఉంటాయి, ఆ డబ్బా నేను ముట్టుకోను. మూడు నెలలకి రక్తం పరీక్షలో కొంచెం దిగింది. ఆ తర్వాత ఇంకొంచెం. డాక్టరు అనుకున్నంత కాదు, కానీ దిగుతోంది.

నా కాలు మాత్రం ఇంకా నిలవడం లేదు. క్యాలెండరు మారింది గానీ వెనక పట్టికలు గీసే అలవాటు పూర్తిగా పోలేదు. మాత్ర వేళకి ఫోను చేసి టిఫిను తిన్నావా అని అడిగితే గానీ తరగతిలోకి అడుగు పెట్టలేను. అతను తిన్నానంటే నమ్ముతాను, మళ్ళీ ఏం తిన్నావని అడుగుతాను.

మొన్న ఫోనులో ఫోటో ఒకటి పంపాడు. రాయపూర్ దారిలో ఎక్కడో సంతలో రాశిగా పోసిన ఆకు, సన్నటి కాడలు, అంచులు కొద్దిగా ఎర్రగా ఉన్నాయి. అపా దగ్గరికి చేరడానికి ఇంకా దూరముందట, అక్కడి హోటల్లో ఇది వండుతున్నారట. తినొచ్చా అని అడిగాడు. ఇరవై రెండేళ్ళలో ఒక కూర గురించి అతను నన్ను అడగడం అదే మొదలు. పెద్దది చేసి చూశాను. తోటకూర కాదు, బచ్చలి కాదు, పొన్నగంటి అంతకంటే కాదు. నాకు తెలియదు.

"ఉండు బావా, అడిగి సెప్తాను" అని, ఫోను పట్టుకుని కూరల ముసలామె దగ్గరికి బయలుదేరాను.